వరసలో వెదురు గొట్టం

నంజమ్మ గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరువాతే మాటలు వస్తాయి. ఆ కోపం ఎవరి మీదో ఇప్పటికీ సరిగ్గా తేలలేదు. అందుకే మొదట్లోనే చెప్పేస్తున్నాను, మధ్యలో ఎవరినైనా నాలుగు మాటలంటే ఏమీ అనుకోకండి.

నా పేరు గోపాలప్ప. హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే రోడ్డులో, సూళగిరి దాటాక ఒక ఊళ్ళో సర్కారు ఆసుపత్రి ఎదురుగా నాకు టీ అంగడి ఉండేది. ఊరి పేరు చెప్పను. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్ళకూ నా గొడవకూ సంబంధం లేదు. అప్పట్లో అది చిన్న పెంకుటిల్లు. ముందు పొడుగాటి వరండా, వరండా చివర డాక్టరు గది, దాని పక్కనే మందు ఇచ్చే కిటికీ. డాక్టరు ఒక్కడే, కాంపౌండరూ ఒక్కడే. కొండల దాకా ఉన్న పల్లెలన్నిటికీ ఆ ఇద్దరే దిక్కు.

ఆ రోజుల్లో మందంటే నీళ్ళ మందే, ఎర్రదో తెల్లదో. సీసా మనమే తెచ్చుకోవాలి. కాంపౌండరు అందులో మందు పోసి, పూటకు ఎంత తాగాలో తెలిసేలా కాగితం ముక్కను పళ్ళు పళ్ళుగా కత్తిరించి సీసాకు అంటించేవాడు. జనం తెల్లవారేసరికే బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. జబ్బు మనుషులు పొద్దస్తమానం నిలబడలేరు కదా. అందుకని తెచ్చుకున్న సీసాను వరండాలో వరసగా పెట్టి, వాళ్ళు పోయి రోడ్డు పక్క చింతచెట్ల కింద పడుకునేవాళ్ళు. ఒకరు లోపలికి పోగానే వాచ్‌మన్ మాదప్ప మిగతా సీసాలను కాలితో ఒక్కొక్కటిగా ముందుకు నెట్టేవాడు. సీసా ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. కిరసనాయిలు సీసాలు, ఆముదం సీసాలు, మూతి విరిగిన సోడా సీసాలు గోడవారన కుదురుగా నిలబడి ఉండేవి. మద్యనిషేధం కాలం కాబట్టి ఎవరిదైనా బ్రాందీ సీసా కనబడితే చెట్ల కింద ఉన్న రోగులు కూడా లేచి కూర్చుని నవ్వేవాళ్ళు. ఆ వరండాలో నవ్వు అనేది దాని వల్లే పుట్టింది, వేరే కారణం ఏదీ నాకు గుర్తు లేదు.

యాభై మూడో, యాభై నాలుగో. మామిడి కాయలు దిగే కాలం. నంజమ్మ తన మొగుణ్ణి బండిలో వేసుకుని వచ్చింది. కొండకింది పల్లెలో గొర్రెలు మేపుకునే కురుబవాళ్ళు వాళ్ళు. మొగుడి పేరు ముత్తప్ప. మడమలో తుమ్మముల్లు దిగితే లాగి పారేసి మళ్ళీ గొర్రెల వెంట పోయాడట. కొన్నాళ్ళకు దవడలు బిగుసుకున్నాయి. గంజి పోస్తే మింగలేడు, మెడ వెనక్కి వంగిపోతోంది.

ఆమె ఇంట్లో సీసా లేదు. గొర్రెలవాళ్ళ ఇళ్ళల్లో మందంటే వెదురు గొట్టమే. గొర్రెకు కడుపుబ్బితే ఆకు నూరి, ఒక కొస ఏటవాలుగా కోసిన గొట్టంలో పోసి, దాని నోరు తెరిచి గొంతులోకి వంచుతారు. మనిషి మందుకు వేరే పాత్ర కావాలని ఆమెకు ఎవరు చెప్పారు? అందరూ మందు పోయించుకునేది ఏదో ఒకటి పెడుతున్నారు కదా అని, తన గొట్టాన్ని తెచ్చి ఒక నల్ల ఆముదం సీసా వెనక నిలబెట్టింది. తను పోయి చెట్టు కింద మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గొట్టం ముందుకు జరుగుతూ ఉంటుందనే ఆమె ధైర్యం.

మాదప్ప చెడ్డవాడు కాదు. కాని వాడికి వరండా శుభ్రంగా ఉండాలనే పిచ్చి ఉండేది. సీసాల మధ్య కట్టె ముక్క ఏంటని దాన్ని తీసి కంచె అవతలికి విసిరేశాడు. వెనకున్న సోడా సీసాను ముందుకు నెట్టి ఆ ఖాళీ పూడ్చేశాడు. అంతే, ముత్తప్ప వరసలో లేకుండా పోయాడు. అతనికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె వరండా దగ్గరికి వచ్చింది. నేను టీ గ్లాసులు ఇవ్వడానికి అక్కడే ఉన్నాను.

"నా గొట్టం యాడప్పా?" అని అడిగింది మాదప్పను.

"ఏం గొట్టమమ్మా?"

"ఈడ పెట్టినాను, ఆ నల్ల సీసా ఎనక. మా ఇంటాయన చెట్టు కింద ఉండాడు. నోరు తెరుచుకోడం ల్యా."

మాదప్ప మొహం మారింది. "అది నీదా? ఎవురో పిలకాయలు పారేసి పోయినారనుకోని ఇసిరేసినాను. సీసా తేవాల గదమ్మా. మందు గొట్టంలో పొయ్యరు."

"మా ఇంట్లో సీసా లేదప్పా."

"యాడన్నా తెచ్చి ఎనక పెట్టు పో."

ఎనక పెట్టడానికి ఇక వరస ఎక్కడుంది? డాక్టరు అప్పటికే చంకలో కాగితాలు పెట్టుకుని బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాడు. కృష్ణగిరి కోర్టులో సాక్ష్యం. ఎప్పుడో చచ్చిన ఎవడి శవాన్నో కోసినందుకు, ఎలా చచ్చాడో జడ్జికి చెప్పి రావాలి. నంజమ్మ ఆయన ముందు చేతులు జోడించి నిలబడింది. మాదప్ప విషయం చెప్పాడు. ఆయన బస్సు వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు. "రేపు పొద్దున్నే మొదట వీళ్ళనే చూస్తాను" అని బస్సెక్కాడు. బస్సు తప్పితే కోర్టువాళ్ళు ఆయన్ను వదలరు, అదీ నిజమే. నాకు మాత్రం ఆ బస్సు టైర్లు కోసేయాలనిపించింది.

తరువాతి బస్సులో కృష్ణగిరికి తీసుకుపోదామని చూశాం. బిగుసుకుపోయిన మనిషిని చూసి కండక్టరు ఎక్కనివ్వలేదు. బండిలోనైనా పోదామంటే, బండి కుదుపుకు ముత్తప్ప ఒళ్ళు విల్లులా వంగిపోయి పళ్ళు కొరికేవాడు. మళ్ళీ చెట్టు కిందే పడుకోబెట్టాం. నేను ఒక సోడా సీసా కడిగి ఇచ్చాను. ఆమె దాన్ని తీసుకుపోయి ఖాళీ వరండాలో, డాక్టరు తలుపుకు ఆనించి, అన్నిటికంటే ముందు పెట్టింది.

తెల్లవారుతుండగా ముత్తప్ప పోయాడు. డాక్టరు మాట తప్పలేదు, మామూలు కంటే ముందే వచ్చాడు. మాదప్ప వరండాలో నిలబడి, "మొదటి సీసా ఎవురిది?" అని కేకేశాడు.

"నాది" అంది నంజమ్మ. చెట్టు కింద నుంచి నడిచి వచ్చింది.

"మనిషిని పిలుచుకోని రా మరి."

ఆమె సీసా వైపు చూసింది. దాని వెనక సీసా ఎవరిదో ఒక బాలింతది, చంకలో బిడ్డ జ్వరంతో వేలాడుతోంది. "మా ఇంటాయనకు ఇంక తొందర లేదు. నువ్వు పోమ్మా" అంది.

డాక్టరు బయటికి వచ్చి చెట్టు కింద కూర్చుని ముత్తప్ప కళ్ళు చూశాడు, దవడ చూశాడు. "నిన్న చూసినా బతికేవాడని చెప్పలేను" అన్నాడు. అది నిజమే కావచ్చు. ఆ జబ్బు అలాంటిదే. కాని చూడలేదు కదా. ఆ మాట ఆయన మొహం మీదే అని, చేతిలో ఉన్న టీ గ్లాసు రోడ్డుకేసి కొట్టాను. గ్లాసు నాదే కాబట్టి నష్టం కూడా నాకే అయింది. నంజమ్మ మాత్రం కంచె అవతలికి పోయి, ముళ్ళలో వెతికి వెతికి తన గొట్టం తెచ్చుకుంది.

కర్మకాండ అయ్యాక ఆమె తిరిగి వచ్చింది. పిల్లలు లేరు. గొర్రెలను మరిది మారప్ప తోలుకుపోయాడు. మా అంగడి వెనక తడిక చాటున పడుకుంటానని అడిగితే, నా పెళ్ళాం సుబ్బక్క ఒప్పుకుంది. నేను ఒప్పుకున్నానా లేదా అని ఎవరూ అడగలేదు. ఆమె పగలంతా ఆసుపత్రి అరుగు మీద కూర్చుని కదురుతో ఉన్ని వడికేది. ఆ నూలు కంబళ్ళు నేసేవాళ్ళు తీసుకుపోయేవాళ్ళు, దాంతో ఆమె గంజికి గడిచిపోయేది.

పక్కన ఒక గోనెసంచి. అందులో ఊరంతా తిరిగి ఏరుకొచ్చి, బూడిదతో తోమి ఎండబెట్టిన సీసాలు. పాత్ర లేకుండా వచ్చినవాళ్ళ చేతిలో ఒకటి పెట్టేది. సీసా ఇచ్చేముందు ఎవరినైనా ఒక్కటే ప్రశ్న అడిగేది: "నోరు తెరుస్తాడా?" కడుపునొప్పని వచ్చినా అదే, కాలు విరిగి వచ్చినా అదే. ఎగతాళి చేసేవాళ్ళు ఆమెకు దాన్నే పేరు చేశారు. "నోరు తెరుస్తాడా నంజమ్మ ఈ దినం రాల్యా?" అని అడిగేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు.

అంతటితో ఊరుకుంటే గొడవే లేదు. ఆమె చెట్ల కింద తిరిగి మనుషులను చూసి వచ్చి, బాగా నీరసంగా ఉన్నవాళ్ళ సీసా తీసి ముందు పెట్టేది. ఇంకేముంది, రోజూ రభసే. మాదప్ప కాలితో నెట్టినంత కాలం నోరెత్తని జనం, ఆమె చేత్తో జరిపితే మీద పడేవాళ్ళు. "వరస నీ అబ్బ సొత్తా?" అని ఒకడు ఆమె జుట్టు పట్టి లాగాడు. నేను పోయి వాడి చొక్కా చింపాను, వాడు నా పెదవి పగలగొట్టాడు. వాడూ పాపం రెండు రోజులుగా పడి ఉన్నవాడే, వాడి తల్లికీ జ్వరమే. ఎవరి బాధ వాళ్ళది. లోపలున్నవాళ్ళ మీద చూపించలేని కోపం బయట ఒకరి మీద ఒకరు చూపించుకునేవాళ్ళం.

ఆమె అన్నిసార్లూ సరిగ్గా చూసిందని కూడా నేను చెప్పను. ఒకసారి కడుపు పట్టుకుని అరుస్తున్న ఒక మనిషిని ముందు పంపింది. వాడికి అజీర్తి. వెనక్కి జరిగిన సీసా వెంకటప్ప అనే ముసలాయనది, ఆయన మూలుగైనా లేకుండా గోడకానుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన కూతురు మద్దమ్మ నంజమ్మ ముందు మన్ను ఎత్తిపోసి, "నువ్వెవురే మా నాయనను ఎనక్కి నెట్టేదానికి?" అని అడిగింది. సుబ్బక్క ఎంత బతిమాలినా నంజమ్మ రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

ఆ తరువాత ఆమె తనంతట తాను సీసా జరపడం మానేసింది. ఎవరినైనా ముందు పంపాలంటే చెట్టు చెట్టుకూ పోయి, ఒక్కొక్కరినీ అడిగేది. "ఈ పాప ముందు పోతాది, ఒప్పుకుంటారా అప్పా? ఒప్పుకుంటావా అమ్మా?" ఒక్కరు కాదన్నా జరపదు, వాళ్ళ పక్కనే కూర్చుని ఉన్ని వడుకుతూ మళ్ళీ అడుగుతుంది. విసుగు తట్టుకోలేక ఒప్పుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు విసుగు లేకుండానే ఒప్పుకోవడం నేర్చుకున్నారు. నా కళ్ళతో చూడకపోతే నేనే నమ్మేవాణ్ణి కాదు.

వరండాలో అంత మారింది. లోపల ఏమైనా మారిందా? డాక్టర్లు మారారు. ఒకాయన సేలం నుంచి వచ్చి సేలానికే పోయాడు, ఒకాయన మద్రాసు నుంచి వచ్చి పెట్టె కూడా విప్పలేదు. మధ్యలో నెలల తరబడి ఎవరూ లేరు. ఉన్నప్పుడు టీకాలని, పెద్ద ఆఫీసరు వస్తున్నాడని, కోర్టని. చచ్చినవాళ్ళ గురించి చెప్పడానికి దొరికే డాక్టరు, బతికున్నవాళ్ళను చూడడానికి దొరికేవాడు కాదు. మేం అర్జీలు పెట్టాం, అవి ఎక్కడికి పోయాయో దేవుడికే తెలియాలి. మునివెంకటప్ప అని సిలోన్ తేయాకు తోటల్లో పనిచేసి వచ్చిన ముసలాయన మోకాళ్ళ నొప్పులతో తరచూ వచ్చేవాడు. నేను డాక్టర్లను తిడుతుంటే నవ్వేవాడు. "ఆడా ఇంతేనప్పా. తోట ఆస్పత్రిలో కూర్చునేదానికి బెంచీ ఉండె, ఈడ చింతచెట్టు ఉంది. మా యమ్మ ఆ బెంచీ మిందనే పోయింది" అనేవాడు.

అరవై ఐదులో వానలు లేవు. దాని మరుసటి ఏడు చలికాలంలో నంజమ్మకు దగ్గు పట్టుకుంది. ముందు జ్వరం, తరువాత ఆయాసం. నాలుగు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకునేది. వరసలో పెట్టమంటే, "నాకంటే నీరసంగా ఉండేవోళ్ళు ఉండారు" అనేది. సుబ్బక్క తిట్టింది, ఏడ్చింది. ఒకనాటి పొద్దున ఆమె పెదవులు నల్లబడి ఉండడం చూసి, ఇక నేను అడగడం మానేసి, కంబళితో సహా ఎత్తుకుని రోడ్డు దాటాను.

గోనెసంచిలో సీసా కోసం చెయ్యి పెడితే ఒక్కటీ లేదు. ఆయాసం వచ్చిన నాటి నుంచి ఆమె ఏరుకు రాలేదు, ఉన్నవి పంచేసింది. అడుగున వెదురు గొట్టం ఒక్కటే తగిలింది, వాడి వాడి నున్నగా మెరుస్తోంది. అందులో కదుర్లు పెట్టుకునేది. కదుర్లు తీసేసి దాన్నే తీసుకుపోయి వరస చివర నిలబెట్టాను. వరస అప్పటికే మెట్ల దాకా వచ్చేసింది.

మాదప్ప చూశాడు. తల నెరిసిపోయింది వాడికి. దగ్గరికి వచ్చి, వంగి, గొట్టాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. "అందరినీ అడుగుతాను" అన్నాడు నాతో. చెట్టు చెట్టుకూ పోయాడు. "నంజమ్మ ముందు పోతాది, ఒప్పుకుంటారా?" అని అడిగాడు. మునివెంకటప్ప లేవలేక లేచి నిలబడి, "అడిగేదేందిరా, పెట్టు పో" అన్నాడు. ఒక్కరు కూడా కాదనలేదు. గొట్టం పోయి డాక్టరు తలుపుకు ఆనుకుని నిలబడింది. నా కళ్ళు నీళ్ళతో నిండాయి. ఇన్నేళ్ళకు ఆ వరండాలో ఒక పని రభస లేకుండా జరిగిందని సంతోషపడ్డాను. ఎంత వెర్రివాణ్ణి.

ఆమెను ఎత్తుకుని తలుపు తోశాను. లోపల ఎవరూ లేరు.

కాంపౌండరు కిటికీలోంచి తల పెట్టి, "అయ్య మాదప్ప రాకముందే, తొలి బస్సుకే కృష్ణగిరికి పోయినాడు. బర్గూరు కాడ పొడుచుకోని చచ్చినోళ్ళ కేసు, సాక్షి చెప్పాల. రేపు పొద్దున వస్తాడు" అన్నాడు.

నేను ఏమేమి అన్నానో రాయడం బాగుండదు. కాంపౌండరును అన్నాను, కోర్టును అన్నాను, పొడుచుకున్నవాళ్ళను అన్నాను. నంజమ్మ నా భుజం మీద నుంచి గదిలోకి చూస్తోంది. బల్ల, దాని వెనక ఒక కుర్చీ, గోడకు కొక్కెం. ఇన్నేళ్ళు వాకిట్లో కూర్చుని కూడా ఆమె ఆ గది లోపలికి ఎప్పుడూ పోలేదు.

"ఇంత చిన్న కుర్చీనా అప్పా" అంది.

కృష్ణగిరి బస్సు వచ్చి ఆగింది. ఈసారి కండక్టరు మంచివాడు, ముందు సీటు ఖాళీ చేయిస్తానన్నాడు. నేను ఆమెను మళ్ళీ ఎత్తబోయాను. ఆమె వరండా స్తంభాన్ని పట్టుకుంది.

"బస్సొద్దు."

"కృష్ణగిరిలో పెద్ద డాక్టర్లు ఉండారు నంజమ్మా. ఈడ ఎవురూ లేరు."

"ఆడికి పోతే మళ్ళా అందరికన్నా ఎనక నిలబడాల." ఆగి గాలి పీల్చుకుంది. "ఈడ ముందుండాను గదప్పా."

లాగాను. సుబ్బక్క కూడా వచ్చి లాగింది. ఆ ఎముకల గూడులో అంత పట్టు ఎక్కడిదో తెలియదు, వేళ్ళు ఊడి రాలేదు. గట్టిగా లాగితే దగ్గు తెర వచ్చి కళ్ళు తేలేసింది. బస్సు కాసేపు చూసి పోయింది. ఆ తరువాత ఆమెను గొట్టం పక్కనే కంబళి మీద పడుకోబెట్టాం. మధ్యాహ్నం దాకా అప్పుడప్పుడు చెయ్యి చాచి గొట్టాన్ని తడిమి చూసుకుంది. సాయంత్రం సుబ్బక్క స్పూనుతో నీళ్ళు పోయబోతే నోరు తెరవలేదు. దీపాలు పెట్టేలోపలే పోయింది.

ఆమెను తీసుకుపోయాం గాని గొట్టాన్ని ఎవరూ కదపలేదు. పొద్దున నేను మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు, అంగడి తెరవబుద్ధి కాలేదు. డాక్టరు తొలి బస్సు దిగి, ఎవరి వైపూ చూడకుండా తిన్నగా గదిలోకి పోయి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుర్రవాడు, నిద్ర లేని కళ్ళు. తిడదామని వచ్చినవాణ్ణి తిట్టలేకపోయాను.

మాదప్ప వరండాలో నిలబడ్డాడు. వాడికి తెలుసు. కాని పిలవకపోతే వరస కదలదు, పిలవాల్సిందే. "మొదటిది ఎవురిది?" అన్నాడు.

గొట్టం వెనక సీసా అంజినమ్మ అనే ఒక కూలి మనిషిది. కొడుకును భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. సీసా ముందుకు జరపలేదు, అడుగు ముందుకు వేయలేదు.

"నంజమ్మది" అన్నాను. "నిన్ను పొమ్మనింది అమ్మా."

ఆమె అలా అనలేదు. అబద్ధం నాది. అంజినమ్మకూ అది తెలిసినట్టే ఉంది, గొట్టం వైపే చూస్తూ నిలబడిపోయింది. నేను దగ్గరికి పోయి ఆ బిడ్డ గడ్డం పట్టుకున్నాను, కాలిపోతోంది.

"నోరు తెరుస్తాడా?" అని అడిగాను.

"తెరుస్తాడన్నా."

"అయితే బిరీన పో."